పసుపుబారిన సీసా

టార్టులో ఫిబ్రవరి.
నది ఎంత గట్టిగా గడ్డకట్టిందంటే
కుక్కలు దాన్ని రోడ్డనుకుంటున్నాయి.
నేను సామాన్ల గది మనిషిని, తాళాలు నా దగ్గరుంటాయి.
చదువు వాళ్ళది. విన్నది నాది.

మూడో అంతస్తులో త్రీను ఉంటుంది.
ఆమె పళ్ళేనికి మూడువందల ఎనభై నాలుగు గుంటలు.
మరచెయ్యి వచ్చి ఒక్కోదాంట్లో ఒక్కో మందు చుక్క వేస్తుంది,
చీమ కన్నీరంత.

గుంటల అడుగున ఒక ప్రోటీను.
ఆర్ఎన్ఏ పోగుల్ని పట్టుకోవడం దాని వృత్తి.
ఎక్కడ కత్తిరించాలో ఎక్కడ అతకాలో
కణం నడింట్లో కూచుని చూసుకునే దర్జీ.
ఒకనాడెందుకో ఇల్లు విడిచి వాకిట్లోకొస్తుంది,
తనలాంటి వాటితో కలిసి గడ్డ కడుతుంది.
లోపల కుట్టుపని చెడుతుంది, వాకిలి ఇరుకవుతుంది.
ఆ తర్వాత చెయ్యి. ఆ తర్వాత నాలుక. ఆఖరికి ఊపిరి.

దీనికి మందు అంటదని పెద్దలెప్పుడో తేల్చేశారట.
పట్టుకోడానికి గుంతో గాడో ఉండాలి కదా,
ఇది ఉడికిన సేమ్యా పోగు.
త్రీను మాత్రం ఆర్ఎన్ఏ ముక్కకు ఒక మెరుపు తగిలించింది.
ప్రోటీను చేతిలో ఉన్నంతసేపూ
అది నిండు బిందె ఎత్తుకున్నట్టు నెమ్మదిగా తిరుగుతుంది.
ఎవరైనా మధ్యలో దూరి పట్టు విడిపిస్తే
బొంగరమై గిర్రుమంటుంది.
ఆ గిర్రు కోసం పదకొండు నెలలు.

దొరికినవన్నీ దొంగలే.
ఒకటి తానే మెరిసి మోసం చేసింది.
ఒకటి సబ్బులాంటిది, ఎదురైన ప్రతివాణ్ణీ వాటేసుకుంది.
ఒకటి పట్టుకోవడం కాదు, పాపం ప్రోటీన్నే విరిచేసింది.
రైవో గోడమీద సుద్దతో గీతలు గీసేవాడు
జైల్లో రోజులు లెక్కపెట్టినట్టు.

ఎండెల్ గురువారాలు వచ్చేవాడు.
నా గదిలో హీటరుంది, అక్కడే కూచునేవాడు.
నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసి,
పట్టకారు జారిన ఒక ఉదయం
తనకేదో అయిందని తెలుసుకున్నవాడు.
చర్మం ముక్క ఇచ్చాడు. త్రీను దాన్ని నాడీకణాలుగా పెంచింది.
మాట ముద్దవుతూంటే ఆగి ఆగి చెప్పాడొకసారి:
"బతుకంతా నలకలు తీశాను.
ఒక్క గడియారం మాత్రం నలక తీస్తే ఆగిపోయింది.
తిరిగి పెట్టాను, నడిచింది.
ఎవరికీ చెప్పలేదు. పరువు."
నవ్వబోయాడు, దగ్గొచ్చింది.
నేను టీ పోశాను, గడ్డిపరకతో తాగాడు.

పన్నెండో నెలలో ఒక గుంట గిర్రుమంది.
మళ్ళీ చేశారు. మళ్ళీ.
ఎండెల్ కణాల్లో వాకిటి గడ్డలు
కొంచెం, కొంచెమే, పలచబడ్డాయి.
ఆ రాత్రి త్రీను నా బల్ల దగ్గర నిలబడే రై రొట్టె తిన్నది.

అదే పొడి కొత్తగా తెప్పించారు.
తళతళలాడే తెలుపు, నూటికి తొంభైతొమ్మిది శుద్ధం.
ఏమీ లేదు.
గుంటలన్నీ నిండుకుండలు, ఒక్కటీ తొణకలేదు.

పాత సీసా అలమారలోనే ఉంది.
మూత సడలి ఆరేళ్ళు గాలి తాగి
అడుగున పసుపుబారింది.
పారేయమన్న చీటీ నాకొచ్చి రెండేళ్ళు.
బద్ధకించాను, అంతే, ఇంకేం లేదు.
త్రీను అందులోంచి చిటికెలో చిటికె తీసింది.
గిర్రుమంది.

అంటే ఇన్నాళ్ళూ మేం పేరు పెట్టి పిలిచింది
పట్టుకున్నవాణ్ణి కాదు,
వాడి పక్కన తెల్లచొక్కాలో నిలుచున్నవాణ్ణి.
పట్టుకున్నది మురికి.
మురికిలో ఎవరో.

మంచు విరిగి నది మళ్ళీ నది అయిన వారంలో
ఎండెల్ పోయాడు.
అతని కణాలకు ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు,
మూడో అంతస్తులో పాలిపోయిన గులాబీ నీళ్ళు తాగుతున్నాయి.

పసుపును విడగొడితే కాగితం మీద పధ్నాలుగు శిఖరాలు లేచాయి.
రెండింటికే పేర్లున్నాయి.
ఇవాళ ఐదోది.
నేను సీసా మీద ఎర్రసిరాతో రాశాను,
నాకు వచ్చినంత పెద్ద అక్షరాలతో:
తుడవొద్దు.